గాలి పట్టుకోలేని ఇల్లు

మా ఇల్లు గుండ్రంగా ఉంటుంది. గోడ ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి వైపు పోయే హైవే మీద మా ఊరి దగ్గర బస్సు దిగి, చెరుకు చేల పక్కన మట్టిబాట పట్టుకుని వస్తే దూరం నుంచే తెల్లగా కనబడుతుంది. కొత్తవాళ్ళు దర్గా అనుకుని చెప్పులు విప్పబోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఊళ్ళో దీన్ని గుమ్మటం ఇల్లు అంటారు. మా అత్తమ్మ మాత్రం చాలాకాలం గోరీ అన్నది.

అంతకుముందు మాది రేకుల ఇల్లు. ఎర్రరాయి గోడలు, వాటి మీద ఇనుప పైపులు, పైపుల మీద రేకులు. రేకులు లేచిపోకుండా వరసగా బండరాళ్ళు పెట్టుకున్నాం. మా వీధిలో అందరి ఇళ్ళూ అంతే. వేసవిలో ఆ రేకుల కింద ఉండలేక మధ్యాహ్నాలు వేపచెట్టు కిందికి పోయేవాళ్ళం. వాన కురిస్తే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అయినా మాకు అది కష్టమని అనిపించలేదు. నేను ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. మా ఆయన హైవే పక్కన లారీల బాడీలు కట్టే వర్క్‌షాపులో వెల్డర్. అత్తమ్మ అల్లం చేలల్లో కూలికి పోయేది. మాకు ఒక్కతే పాప. అప్పుడు ఒకటో తరగతి పూర్తయి వేసవి సెలవులు నడుస్తున్నాయి.

ఆ రోజు నేను మీటింగుకని జహీరాబాద్ వెళ్ళాను. మధ్యాహ్నం దాటాక ఆకాశం పచ్చగా, పసుపు కలిపిన నీళ్ళలా అయింది. ఆ తర్వాత గాలి దుమారం లేచింది. మేమంతా కిటికీలు మూసుకుని నవ్వుకుంటూ కూర్చున్నాం. ఎవరో, ఈ గాలికి మామిడికాయలన్నీ రాలిపోతాయి, పచ్చడికి చవకగా వస్తాయి అన్నారు. నేను కూడా ఏదో అన్నాను. అప్పుడు ఫోన్ మోగింది. పక్కింటామె.

"అక్కా, జర దవాఖాన కాడికి రా. పాపను తీస్కొస్తున్నరు."

"ఏమైంది?"

"ఫికర్ చెయ్యకు. నువ్వైతే రా."

 నేను వానలో పరుగెత్తాను. రోడ్డు మీద చెట్ల కొమ్మలు, ఎగిరిపడిన బోర్డులు. దవాఖాన మెట్ల దగ్గర నిలబడి ఉండగా ఆటో వచ్చింది. మా ఆయన పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెల్డింగ్ పనిలో వేసుకునే ఖాకీ చొక్కా విప్పి దాని తలకు చుట్టాడు. దిగలేదు. నేను చేతులు చాపినా ఇవ్వలేదు. ఆయన ముఖం చూసి నాకు అర్థమైంది. లోపల డాక్టరమ్మకు ఎక్కువసేపు చూడాల్సిన పని లేకపోయింది.

తర్వాత అత్తమ్మ చెప్పగా తెలిసింది. పాప వాకిట్లో ఆడుకుంటోందట. గాలి మొదలవగానే అత్తమ్మ, "లోపలికి పో బిడ్డా, కండ్లల్ల దుమ్ము పడ్తది," అని కేకేసిందట. పాప చెప్పిన మాట వినే పిల్ల. లోపలికి పోయింది. అత్తమ్మ ఆరేసిన బట్టలు తీసుకుంటోంది. గాలి రేకుల అంచు కిందికి దూరి ఒక్కసారి పైకి లేపింది. రేకులు ఎగిరి చేలో పడ్డాయి. వాటి మీది రాళ్ళు మాత్రం ఇంట్లో పడ్డాయి.

"లోపలికి పొమ్మన్నది నేనే," అని అత్తమ్మ వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఏం మాట్లాడాలో తెలియక తల వంచుకునేవాళ్ళు. "నేనే పొమ్మన్న. బయటుంటే బతికేది." ఆ తర్వాత అత్తమ్మ ఏ ఇంట్లోకీ పూర్తిగా రావడం మానేసింది. మేం కొన్నాళ్ళు తలదాచుకున్న మరిది ఇంట్లోనూ ఆమె గడప దగ్గరే కూర్చునేది, అక్కడే తినేది, పందిరి కింద పడుకునేది.

మా ఆయన ఏడవలేదు. పనికి పోయేవాడు, వచ్చేవాడు. ఒక ఆదివారం పొద్దున బండి తీసి, "బీదర్ పోదాం, రా," అన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగే ఓపిక లేదు. ఊరు దాటి బయట, పొలాల మధ్య పాత సుల్తానుల గుమ్మటాల దగ్గర బండి ఆపాడు. అవి సమాధులు. బిడ్డ పోయిన కొన్ని నెలలకే నన్ను సమాధుల దగ్గరికి తెచ్చాడేమిటనుకున్నాను. ఆయన ఒక గుమ్మటం చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. అరచేయి గోడకు ఆనించి పైకి చూశాడు.

"గాలి దీన్ని ఏడ పట్టుకుంటది, చెప్పు?" అన్నాడు. "అంచు లేదు. మూల లేదు. వచ్చిన గాలి జారిపోవాల్సిందే. ఎన్ని వందల ఏండ్ల సంది నిలవడ్డయో సూడు."

కొంచెం దూరంలో ఒక గుమ్మటం సగం విరిగి, లోపలి బోలు కనబడుతూ నిలబడి ఉంది. పిడుగు పడి పగిలిందని చెబుతారు. నేను దాన్ని చూపించాను.

"పిడుగు వేరు, గాలి వేరు," అన్నాడు. అటువైపు తిరగలేదు.

ఇంటికొచ్చాక ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. తుఫానులు వచ్చే దేశాల్లో ఇలాంటి ఇళ్ళు కట్టుకుంటున్నారని, ఎండ కూడా లోపలికి అంతగా దిగదని, కూలర్లు అక్కర్లేదని చెప్పేవాడు. బంధువులంతా స్లాబ్ వేసుకోమన్నారు. మేస్త్రి వచ్చి చూసి, "అన్నా, నేను గోడలు లేపుత. గోరీలు కట్ట," అని వెళ్ళిపోయాడు. దాంతో ఆయనే మొదలుపెట్టాడు. ఆయనకు ఇనుము వంచడం వచ్చు.

పాత గోడలు పడగొట్టి ఆ ఎర్రరాయితోనే గుండ్రంగా పునాది వేశాం. మధ్యలో మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని నేను చుట్టూ నడిస్తే నా వెనక ఆయన ముగ్గు పోస్తూ వచ్చాడు. వర్క్‌షాపు నుంచి వచ్చాక చీకటి పడేదాకా చువ్వలు వంచేవాడు. విల్లులా వంచిన చువ్వలు నేలలోంచి లేచి పైన ఒకచోట కలిశాయి. వాటి మీద అడ్డంగా మరికొన్ని చువ్వలు, బైండింగ్ వైరుతో ముడులు, ఆపైన కోళ్ళ గూళ్ళకు వాడే సన్నజాలి రెండు పొరలు. తర్వాత సిమెంటు. నేను లోపలి నుంచి అరచేత్తో నొక్కితే ఆయన బయటి నుంచి నొక్కేవాడు. జాలి అవతల ఆయన చేయి కదులుతున్నట్టు నాకు తెలిసేది. పాప పోయాక మేం ఒకరికొకరం అంత దగ్గరగా ఉన్నది ఆ రోజుల్లోనే. నా చేతులు సిమెంటుకు పగిలి అన్నం కలుపుకుంటే మండేవి. ఆ మంట నాకు ఇష్టంగా ఉండేది. ఇంకేదీ తెలియకుండా చేసేది.

దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏందన్నా, గిదేం ఇల్లు? ఎవలిదన్న గోరీ కడ్తున్నవా?" అని నవ్వేవాళ్ళు. వాళ్ళకు తెలియక కాదు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆయన చువ్వలు వంచుతూనే ఉండేవాడు. అత్తమ్మ మాత్రం తలగుడ్డ సర్దుకుంటూ, "నిజమే అంటున్నరు," అనేది. అయినా కప్పు ఆరిపోకుండా గోనెసంచులు కప్పి రోజూ తడపాల్సి వచ్చినప్పుడు, బిందెలతో నీళ్ళు మోసింది ఆమే. బయటి నుంచి తడిపేది. లోపల కాలు పెట్టేది కాదు.

ఇల్లు పూర్తయ్యాక సున్నం కొట్టాం. నిజం చెప్పాలంటే చల్లగా ఉండేది. బయట ఎండ మండిపోతున్నా లోపల రాతి నేల మీద వీపు ఆనిస్తే సుఖంగా ఉండేది. కరెంటు పోయినా ఉక్కపోత లేదు. పైన మధ్యలో వదిలి అద్దం బిగించిన కంతలోంచి వెలుగు దిగి, పొద్దెక్కేకొద్దీ నేల మీద మెల్లగా జరిగేది. అవస్థలూ ఉన్నాయి. మూలలు లేవు కదా, బీరువా గోడకు ఆనదు, మంచం ఆనదు. వాటి వెనక ఎప్పుడూ ఒక ఖాళీ. గోడకు క్యాలెండర్ తగిలిస్తే గోడ లోపలికి వంగి ఉంటుంది కాబట్టి అది గాలిలో వేలాడేది. పాప ఫోటోకు కూడా గోడ మీద చోటు కుదరలేదు. చివరికి ట్రంకు పెట్టె మీద నిలబెట్టాం.

ఇంకొకటి మేం అనుకోనిది జరిగింది. ఆ ఇంట్లో చిన్న శబ్దం కూడా పోదు. చుట్టూ తిరిగి వస్తుంది. ఒకరోజు నేను పొయ్యి దగ్గర గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన అవతలివైపు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ ఏడుపు ఆయన చెవిలోనే ఏడ్చినట్టు వినపడి ఉంటుంది. గుండీలు సగం పెట్టుకునే బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఏడవాలనిపిస్తే చెరుకు చేల వైపు పోయేదాన్ని. ఆయన ఎక్కడికి పోయేవాడో నాకు తెలియదు. ఇంట్లో మాటలు తగ్గాయి. ఒక మాట అంటే అది మళ్ళీ మన దగ్గరికే వస్తుంటే, అనబుద్ధి కాదు.

రెండు వేసవులు మామూలుగా పోయాయి. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పేదాన్ని, గుడ్లు ఒలిచి పెట్టేదాన్ని, ఇంటికి వచ్చేదాన్ని. మా ఆయన మాత్రం ఎండలు ముదిరితే ఆకాశం వైపే చూసేవాడు. గాలి కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. తాను కట్టింది నిలుస్తుందో లేదో చూడాలనుకున్నాడు.

మూడో వేసవిలో వచ్చింది. అదే పచ్చటి ఆకాశం. ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. మొదటి విసురుకే వీధి చివర ఎవరివో రేకులు ఎగిరి కరెంటు తీగల మీద పడ్డాయి. నేను తలుపు తీసి నిలబడి కేకలు వేశాను. ఆడవాళ్ళు పిల్లల్ని చంకలో వేసుకుని పరుగెత్తుకొచ్చారు. నా అంగన్‌వాడీ పిల్లలు చాలామంది ఉన్నారు. అత్తమ్మ ఎప్పటిలాగే బయట, వాకిట్లో తన కోసం వేసిన పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"లోపలికి రా అత్తమ్మా!"

"నేను రాను. నన్ను పిలవకు."

పందిరి అప్పటికే ఒకవైపు ఒరిగింది. నేను ఆమె నడుం పట్టుకుని ఈడ్చాను. నన్ను కొట్టింది, గోళ్ళతో రక్కింది. ఎలాగో లోపలికి తెచ్చి తలుపు వేశాను. ఆమె తల మీద రెండు చేతులూ పెట్టుకుని, మోకాళ్ళలో ముఖం దాచుకుని కూర్చుంది.

బయట గాలి అరుస్తోంది. లోపల ఆ అరుపు దూరంగా, ఇంకో ఊళ్ళో జరుగుతున్నట్టు వినపడింది. ఒకసారి ఏదో పెద్దది వచ్చి మా కప్పుకు కొట్టుకుంది. పిల్లలు కెవ్వున అరిచారు. అది గోడ మీదుగా బరబరా జారి కింద పడిపోయింది. ఎవరి ఇంటి రేకో. పైనుంచి చిన్న పెళ్ళ కూడా రాలలేదు. మా ఆయన మధ్యలో నిలబడి పైకి చూస్తూనే ఉన్నాడు. 

గాలి తగ్గాక అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. "గోరీ అని నవ్వినం గానీ, గిదే కదా మమ్ముల బతికిచ్చింది," అన్నారు. పాలు తాగే పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ, బిడ్డా," అన్నది. అన్నాక ఆమెకు గుర్తొచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆ మాట గోడ చుట్టూ తిరిగింది. ఇంట్లో ఉన్న అందరికీ వినపడింది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన కనబడలేదు. ఇంటి వెనక ఉన్నాడు. రేకు తగిలిన చోట సున్నం మీద పొడుగ్గా గీత పడింది. దాని మీద వేలు పెట్టి రాస్తున్నాడు.

"పగిలిందా?" అన్నాను.

"లేదు. గీత వడ్డది, గంతే."

"మంచిదే కదా."

వేలికంటిన సున్నం దులుపుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇన్నొద్దులు ఒక్కటనుకుంటుంటి. గా గాలికి ఏ ఇల్లూ ఆగకపోయేది, మన చేతుల ఏం లేకుండె అని. ఇప్పుడు సూసినవు కదా. ఆగుతది. నా చేతులతోని కడ్తేనే ఆగింది. నేను పెండ్లికి ముందటి సంది ఇనుము వంచుతున్న. పాప పుట్టకముందే కట్టొచ్చు."

"అప్పుడు నీకెట్ల తెలుస్తది?"

"బీదర్‌ల గుమ్మటాలు అప్పుడు లేకుండెనా?"

  ఆ రోజు ఆయన మొదటిసారి ఏడ్చాడు. నుదురు గోడకు ఆనించి, పిడికిలితో ఆ గోడనే కొడుతూ ఏడ్చాడు. అంత గట్టిగా కట్టినందుకు దాన్ని కొడుతున్నట్టుంది. నేను భుజం మీద చేయి వేస్తే తోసేశాడు.

ఆ వార్త చుట్టుపక్కల పాకింది. ఫోటోలు తీసుకోవడానికి వచ్చారు. కోహీర్ వైపు నుంచి ఒక పెద్ద రైతు వచ్చి, "మా మనుమలున్నరు తమ్మీ. మాకు కూడా గిట్లనే కట్టియ్యి," అని బతిమాలాడు. మా ఆయన కాదనలేక వెళ్ళాడు. పునాది వేశాడు, చువ్వలు వంచి నిలబెట్టాడు. ఒక మధ్యాహ్నం ఆ ఇంటి పిల్లలు చువ్వల మధ్యలోంచి దూరుతూ ఆడుకుంటున్నారట. ఆయన చేతిలోని పట్టుకారు కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు.

"ఎందుకొచ్చినవు?" అంటే, "నాతోని కాదు," అన్నాడు. ఆ రైతు రెండుమూడుసార్లు వచ్చి పోయాడు. తర్వాత రావడం మానేశాడు. ఆ చువ్వలు అలాగే ఉన్నాయట. వాటికి బీరతీగ పాకించుకున్నారని, కాయలు బాగా కాస్తున్నాయని కోహీర్ నుంచి వచ్చిన తోటి టీచర్ ఒకామె చెప్పింది. ఆమెకు ఆ చువ్వలు ఎవరు నిలబెట్టారో తెలియదు.

ఆ వానాకాలంలోనే మా ఆయన ఇంట్లో పడుకోవడం మానేశాడు. మొదట వర్క్‌షాపులో, తర్వాత లారీ డ్రైవర్లతో మాట్లాడుకుని సోలాపూర్ వైపు ఒక షెడ్డులో పనికి కుదిరాడు. పోయే పొద్దున నేను అడ్డం నిలబడ్డాను.

"నన్ను గూడ ఇడ్సిపెట్టి పోతవా?"

"నిన్ను కాదు. దీంట్ల నాకు ఊపిరాడ్తలేదు."

"మరి నేనెట్ల ఉండాలె?"

"నువ్వు ఉండు. దీంట్ల నీకేం కాదు," అన్నాడు. అది నన్ను కాపాడటానికి అన్నాడో, శపించడానికి అన్నాడో తెలియలేదు. బహుశా ఆయనకూ తెలిసి ఉండదు.

అత్తమ్మ నాతోనే ఉంది. ఆ గాలి రోజు తర్వాత ఆమె ఇంట్లోకి రావడం మొదలుపెట్టింది. రావడమే కాదు, బయటికి పోవడం తగ్గించింది. ఇప్పుడు చేలకు పోవడం లేదు. ట్రంకు పెట్టె పక్కన కూర్చుని రోజంతా ఏదో మాట్లాడుకుంటుంది. మెల్లగానే మాట్లాడుతుంది, కానీ ఎక్కడ కూర్చున్నా నాకు వినపడుతుంది. పాపతో మాట్లాడుతుంది. "లోపలనే ఉండు బిడ్డా, బయట గాలున్నది," అంటుంది. నేను ఆపడానికి ప్రయత్నించి మానుకున్నాను.

ఆయన అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. పండుగలకు కాదు. ఫోన్‌లో వాతావరణం చూసుకుని, మా వైపు గాలివాన ఉందంటే చేస్తాడు.

"గాలొచ్చిందా?"

"వచ్చింది."

"ఇల్లు?"

"మంచిగనే ఉన్నది."

అంతే. ఇంకేమైనా అడుగుతాడేమోనని చెవికి ఆనించుకునే ఉంటాను. అవతల లారీల హారన్లు, ఇనుము కోసే మిషను చప్పుడు వినిపిస్తాయి. తర్వాత పెట్టేస్తాడు.

మొన్న వానలు వెనకబట్టాక ఒకసారి వచ్చాడు. గడ్డం నెరిసింది. బయట అరుగు మీదే కూర్చున్నాడు. జొన్నరొట్టె, పప్పు పెట్టాను. లోపలికి రమ్మన్నాను. తలుపు వైపు చూసి, "ఈడనే మంచిగున్నది," అన్నాడు. అత్తమ్మ లోపలి నుంచి కొడుకు గొంతు గుర్తుపట్టి, "ఎవలు? ఎవలొచ్చిన్రు?" అని అడిగింది.  చేయి కడుక్కుని, పళ్ళెం పక్కన పెట్టి, లేచాడు. బస్సు దాకా నేనూ నడిచాను.  బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఆ కిటికీ కిందే నిలబడి ఉన్నా ముందున్న హైవే వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన కట్టిన ఇల్లు నూరేళ్ళైనా ఉంటుందని చూసినవాళ్ళంతా అంటారు. ఉండవచ్చు. అన్నేళ్ళు అందులో ఉండటానికి మా తర్వాత ఎవరూ లేరు.